ఎగ్మోర్ మ్యూజియం, మధ్యలో ఒక లాడ్జి గది

పొద్దున బయల్దేరి చెన్నై మ్యూజియం చూసి రాత్రికి ఇల్లు చేరొచ్చు. మేమూ చేరాం. కాకపోతే మధ్యలో ఒక లాడ్జివాడు 1,100 రూపాయలకి టోపీ పెట్టాడు. ముందు ఆ కడుపుమంట చల్లారాలి.

సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కి చెన్నైలో దిగాం. సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, ఎగ్మోర్. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. "అరగంట నడుం వాల్చి పోదాం నాయనా" అన్నారు. సందులో ఒక లాడ్జి బోర్డు కనబడింది. కౌంటర్లో పెద్దమనిషి మా మాట వినగానే "మనోళ్ళేనా! రండి రండి" అన్నాడు. ఫ్రెషప్‌కి రెండు గంటలకి 600, అడ్వాన్సు 500, వెళ్ళేటప్పుడు తిరిగి ఇస్తాడట. వెస్టర్న్ టాయిలెట్ ఉందా అని రెండుసార్లు అడిగాను. ఉందన్నాడు.

ఉంది, నిజమే. దాని మూత లేదు, ఫ్లష్ లేదు. తలుపుకి గడియ బదులు ప్లాస్టిక్ తాడు, గోడకున్న మేకుకి చుట్టాలి. దుప్పటి ఇంకా తడిగా ఉంది. మా ఆవిడ దానిమీద తన చున్నీ పరిచి అమ్మని కూర్చోబెట్టింది, నా వైపు మాత్రం చూడలేదు. గంట తిరక్కుండానే ఖాళీ చేసి అడ్వాన్సు అడిగితే, దుప్పటి మీద మరక ఉంది, వాషింగ్ ఛార్జీ అన్నాడు. అదీ తమిళంలో! లోపలికి వచ్చేటప్పుడు తెలుగువాడు, బయటికి పోయేటప్పుడు తమిళుడు. ఎంత వాదించినా రసీదు లేనివాడికి ఏం దక్కుతుంది? తప్పు నాదే, ముందే రాయించుకోవాల్సింది.

మ్యూజియానికి ఆటోలో 150. ఆ కాస్త దూరానికి అది ఎక్కువే, కానీ అప్పటికి బేరమాడే ఓపిక ఎవరికీ లేదు.

ఇక్కడొక మాట. శుక్రవారం పోకండి, సెలవు. రెండేళ్ళ కిందట నేనొక్కణ్ణే శుక్రవారం వెళ్ళి గేటు చూసి వచ్చినవాణ్ణి. ఆవరణ పెద్దది, కట్టడాలు వేర్వేరు. అన్నీ చూస్తామని బయల్దేరితే ఏదీ చూడరు. నా లెక్కలో అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలున్న గ్యాలరీ, కంచు విగ్రహాలు, ఈ రెండూ చాలు. పిల్లలుంటే తిమింగలం అస్థిపంజరం. మావాడు దాని కింద నిలబడి పావుగంట కదల్లేదు. అదే రోజు సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియం కూడా పెట్టుకున్నాం గానీ, అత్తగారి మోకాళ్ళు చూసి మానేశాం.

అమరావతి గదిలోకి వెళ్ళాక ఆ 1,100 మర్చిపోయాను. ఒక గుండ్రటి పలక, అందులో బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నాలాగిరి అనే ఏనుగు కథ. ఒకే చక్రంలో అదే ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒకచోట మదమెక్కి వీధిలో జనాన్ని చెదరగొడుతుంది, పక్కనే బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వాలిపోతుంది. పైన మేడ కిటికీల్లోంచి మనుషులు తొంగిచూస్తుంటారు, ఇవాళ్టికీ వీధిలో గొడవైతే మన ఇళ్ళల్లో చూసినట్టే. అత్తగారు ఆ కిటికీలనే చూస్తూ ఉండిపోయారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

వీటిని అమరావతి పాలరాళ్ళంటారు గానీ అవి పాలరాళ్ళు కావు, పల్నాటి సున్నపురాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఆ స్తూపం దిబ్బ చూసేనాటికే చుట్టుపక్కల కట్టడాలకి రాళ్ళు తరలిపోతున్నాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపాడు. వాటిలో చాలా పలకలు 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. సుమారు 120 ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇదంతా నేను చెబుతుంటే మా ఆవిడ మొదటిసారి నావైపు తిరిగింది. "ఇంత తెలిసినవాళ్ళు రసీదు అడగాలని తెలీదా?" అంది.

కంచు విగ్రహాల్లో తిరువాలంగాడులో దొరికిన నటరాజు దగ్గర మాత్రం ఎవరం మాట్లాడలేదు. వెనక్కి కూడా వెళ్ళి చూడండి, వీపు నునుపు ఎంత బాగుంటుందో. సాయంత్రం 5కి మూసేస్తారు. మధ్యాహ్నం మీద చేరేవాళ్ళు ముందు కంచు బొమ్మలకి పోయి తర్వాత అమరావతి అనుకోవద్దు, అమరావతికే టైము చాలదు.

తిరుగు లోకల్లో గుమ్మిడిపూండి దాకా నిలబడే వచ్చాం. అక్కడ సీటు దొరగ్గానే అత్తగారు అడిగారు, "లండన్‌లో ఉన్నవి చూడాలంటే టికెట్టెంత నాయనా?"

"టికెట్ లేదత్తయ్యా, ఊరికే చూడొచ్చు."

"మన రాళ్ళు మనకి ఊరికే చూపిస్తారా! ఎంత మంచోళ్ళు" అని కాళ్ళు ముందుకి చాపుకున్నారు.