నినైట్: ఉచిత సాఫ్ట్‌వేర్లను ఎక్కించి, తాజాగా ఉంచే చిన్న ఫైలు

నల్లగొండలో ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేయించి కొత్తగా విండోస్ వేయించుకున్నవారికి ఆ మరుక్షణమే మరో పని మిగులుతుంది. బ్రౌజరు, వీడియో ప్లేయరు, పీడీఎఫ్ రీడరు, జిప్ ఫైళ్లను విప్పే సాధనం, ఉత్తరాలు రాసుకునే ఆఫీస్ సాఫ్ట్‌వేరు, ఇవన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. ఇందుకు మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు దారులు. గడియారం సెంటర్ దగ్గరి దుకాణానికి వెళితే, పెన్‌డ్రైవ్‌లో ఏనాటినుంచో దాచి ఉంచిన సెటప్ ఫైళ్లనే ఎక్కించి ఇస్తారు. సొంతంగా చేసుకుందామనుకునేవారు గూగుల్‌లో వెతికి, అన్నిటికంటే పైన కనిపించే ప్రకటనను నొక్కుతారు. మొదటి దారిలో వచ్చేవి పాత వెర్షన్లు, రెండో దారిలో ఒక్కోసారి అసలు సాఫ్ట్‌వేరే కాదు. 2022లో వీఎల్‌సీ ప్లేయర్ అధికారిక వెబ్‌సైటు మన దేశంలో నెలల తరబడి తెరుచుకోలేదు, ఆ ఏడాది నవంబరులో గాని ఆ నిరోధం తొలగలేదు. అసలు చిరునామా మూతపడి ఉన్నప్పుడు ఏ పేజీని నమ్మాలో సామాన్యుడికి తెలిసే వీలు లేదు.

నినైట్ అనే వెబ్‌సైటు ఈ చిక్కుకు చక్కని మార్గం చూపుతుంది. అందులో పేజీ నిండా ఉచిత సాఫ్ట్‌వేర్ల పేర్లు విభాగాల వారీగా ఉంటాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, సెవెన్‌జిప్, లిబ్రేఆఫీస్, సుమత్రా పీడీఎఫ్, ఇర్ఫాన్‌వ్యూ, జింప్, నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ వంటి వాటిలో కావలసిన వాటికి టిక్కు పెట్టి, కింద ఉన్న బటన్ నొక్కితే చాలా చిన్న ఫైలు ఒకటి దిగుతుంది. దాన్ని తెరిచిన తరువాత మనం చేయవలసింది ఏమీ ఉండదు. ఆ ఫైలే ఒక్కో సాఫ్ట్‌వేరును దాని తయారీదారు దగ్గరినుంచి దించుకుని, అది అసలైనదేనని, మధ్యలో ఎవరూ మార్చలేదని తెలిపే గుర్తులైన డిజిటల్ సంతకాన్ని గాని హాష్‌ను గాని సరిచూసి, మనల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఎక్కిస్తుంది. దారిలో ఎదురయ్యే టూల్‌బార్లు, అదనపు ప్రోగ్రాముల వంటి వాటన్నిటికీ మన తరఫున తానే వద్దని చెబుతుంది. నెక్స్ట్, నెక్స్ట్ అని చదవకుండా నొక్కుతూ పోయి అక్కరలేని చెత్తను కంప్యూటర్‌లో నింపుకునే అలవాటు మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందో తెలిసినవారికి ఈ ఒక్క సౌకర్యం విలువ వెంటనే అర్థమవుతుంది.

ఫైలును తెరిచినప్పుడు అనుమతి అడుగుతూ విండోస్ చూపే పెట్టెలో ప్రచురణకర్త పేరు సెక్యూర్ బై డిజైన్ అని ఉండాలి, ఎందుకంటే నినైట్‌ను నడిపే సంస్థ అదే. మరో పేరు కనిపిస్తే అనుమతి ఇవ్వకూడదు. ఈ చిన్న జాగ్రత్తను ఇంట్లోని పెద్దవాళ్లకు కూడా నేర్పించవచ్చు.

అయితే నా దృష్టిలో నినైట్ అసలు విలువ తెలిసేది కొన్ని నెలలు గడిచాక. అదే ఫైలును డెస్క్‌టాప్ మీద ఉంచుకుని, నెలకోసారి దాని మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు. మనం మొదట ఎంచుకున్న సాఫ్ట్‌వేర్లలో ఏది పాతబడిందో అది చూసుకుని కొత్త వెర్షన్ ఎక్కిస్తుంది, తాజాగా ఉన్నవాటిని ముట్టుకోకుండా వదిలేస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటివి తమంతట తాము తాజా అవుతాయి కాబట్టి వాటి విషయంలో ఈ సాయం లేకపోయినా గడుస్తుంది. జిప్ ఫైళ్లను విప్పే సెవెన్‌జిప్ మాత్రం అలా కాదు. కొత్త వెర్షన్ వచ్చిందన్న కబురు కూడా అది మనకు చెప్పదు. ఎక్కించిన రోజున ఏ వెర్షన్ ఉందో, ఎవరూ పట్టించుకోకపోతే ఏళ్ల తరబడి అదే ఉంటుంది. దీనివల్ల వచ్చే ముప్పు ఊహించి చెబుతున్నది కాదు. సెవెన్‌జిప్ లాంటిదే అయిన, తనంతట తాను తాజా కాని విన్‌రార్‌లో 19 ఏళ్లుగా దాగి ఉన్న లోపం ఒకటి 2019లో బయటపడింది. కావాలని తయారుచేసిన ఫైలును విప్పితే చాలు, దాడిచేసేవారి ప్రోగ్రాము మన కంప్యూటర్‌లోకి చేరేది. తయారీదారు కొత్త వెర్షన్ విడుదల చేసినా, దాన్ని వెతికి ఎక్కించుకోనివారికి ఆ రక్షణ అందలేదు. పెన్‌డ్రైవ్‌లోని పాత సెటప్ ఫైళ్ల మీద నాకు ఇంత అభ్యంతరం ఉండటానికి కారణం ఇదే.

లోపాలూ ఉన్నాయి. ఉచిత నినైట్ తనంతట తాను పనిచేయదు, గుర్తుపెట్టుకుని నొక్కేవారు ఒకరు ఉండాలి. మనం తీసేసిన సాఫ్ట్‌వేరు ఆ ఫైలులో భాగమై ఉంటే, మళ్లీ నడిపినప్పుడు అది తిరిగి వచ్చి కూర్చుంటుంది కాబట్టి, అప్పుడు కొత్తగా టిక్కులు పెట్టి మరో ఫైలు దించుకోవాలి. డి డ్రైవ్‌లో ఎక్కించమని చెప్పే వీలు లేదు. విండోస్‌కు తప్ప మరో వ్యవస్థకు ఉపయోగపడదు. డేటా ఖర్చు మరో సంగతి: లిబ్రేఆఫీస్ ఒక్కటే మూడు వందల ఎంబీ దాటుతుంది. దేవరకొండ, చండూరు వైపు పల్లెల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడే విద్యార్థికి రోజువారీ డేటాలో అది పెద్ద భాగమే. ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే రెండింటికీ వేర్వేరుగా దించుకోక తప్పదు, ఒకసారి దించినదాన్ని దాచుకుని వాడే ఏర్పాటు ఉచిత వెర్షన్‌లో లేదు.

తెలుగులో పని చేసేవారికి ఇందులో ప్రత్యేకంగా దొరికేది ఏమీ లేదు. టైపింగ్ సాధనాలు గాని, డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లు గాని ఈ పట్టికలో ఉండవు. అదృష్టవశాత్తు విండోస్ 10లో 2019 మే అప్‌డేట్‌తో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు లోపలే వచ్చి చేరింది కాబట్టి, ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో రాసుకునేవారు సెట్టింగుల్లో దాన్ని చేర్చుకుని, లిబ్రేఆఫీస్‌తో కలిపి వాడుకుంటే ఉత్తరాలకు, ప్రాజెక్టు రిపోర్టులకు సరిపోతుంది. క్రాక్ చేసిన ఆఫీస్ సాఫ్ట్‌వేరు వేయించుకోవడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పోలిక కోసం మైక్రోసాఫ్ట్ వారి వింగెట్ గురించి చెప్పాలి. 2020లో ప్రకటించి, 2021లో మొదటి స్థిర వెర్షన్‌గా విడుదల చేసిన ఈ సాధనంతో కమాండ్ విండోలో ఒక్క ఆదేశం టైపు చేసి, కంప్యూటర్‌లో అది గుర్తించగలిగిన సాఫ్ట్‌వేర్లన్నిటినీ తాజా చేసుకోవచ్చు. నినైట్ పట్టికలో లేనివి ఇందులో ఎన్నో ఉన్నాయి. మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో కంప్యూటర్ కోర్సు చదువుతున్నవారు దీన్ని నేర్చుకోవడమే మంచిది. ఆ నేర్పు ఉద్యోగంలోనూ అక్కరకు వస్తుంది. కానీ నల్లని తెరను చూస్తేనే వెనక్కి తగ్గే ఇంటి పెద్దకు, టీచరుగా పదవీవిరమణ చేసిన బంధువుకు నేను నినైట్‌నే ఎక్కిస్తాను. నొక్కవలసిన ఫైలు ఒక్కటే ఉండటం, పని పూర్తయ్యాక ఆ సంగతి తెరమీదే కనిపించడం వాళ్లకు ధైర్యాన్నిస్తాయి.

మిర్యాలగూడ, నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఇంటర్నెట్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, కంప్యూటర్ శిక్షణ సంస్థలు నడిపేవారు ఒక నిబంధన తప్పక తెలుసుకోవాలి. నినైట్ ఉచితం అన్న మాట ఇంట్లో సొంతానికి వాడుకునేవారికే వర్తిస్తుంది. వ్యాపారానికి వాడే కంప్యూటర్లలో ఎక్కించాలంటే నినైట్ ప్రో చందా కట్టాలి. అన్ని కంప్యూటర్లనూ ఒక్కచోటినుంచి చూసుకోవడం, దించినవాటిని దాచుకుని మిగతా కంప్యూటర్లకు పంచడం వంటి సౌకర్యాలు అందులోనే ఉన్నాయి. నాలుగైదు కంప్యూటర్లున్న చిన్న సెంటరుకు ఆ చందా భారమనిపిస్తే, విండోస్‌తో పాటే వచ్చే వింగెట్‌ను వాడుకోవచ్చు. అయితే వింగెట్ సొంతంగా ఉచితమైనా, దానితో ఎక్కించే ప్రతి సాఫ్ట్‌వేరుకూ వ్యాపార వినియోగం విషయంలో దాని నిబంధనలు దానికి ఉంటాయి కాబట్టి వాటిని కూడా చూసుకోవాలి.