కొత్త హార్డ్‌డిస్క్ అని పాతది అంటగడుతున్నారు, ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

కంప్యూటర్ ఆన్ చేయగానే నల్ల తెర మీద ‘నో బూటబుల్ డివైస్’ అనో ‘ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్’ అనో వచ్చి ఆగిపోతే, చాలామంది వెంటనే ఫోన్ తీసి కొత్త హార్డ్‌డిస్క్ ఆర్డర్ పెట్టేస్తారు. ఆ కంగారులో సైజు చూస్తారు, రేటు చూస్తారు, ఎల్లుండికల్లా వస్తుందా అని చూస్తారు. అమ్మేవాడెవడో మాత్రం చూడరు. సీలు కవర్లో తళతళలాడుతూ దిగిన ఆ డిస్కు నాలుగేళ్లు ఏదో సర్వర్ గదిలో రాత్రీపగలూ తిరిగి రిటైరైనది కావచ్చు. లోపలి లెక్కలు సున్నా చేసి, స్టిక్కర్ మార్చి, కొత్తదని అంటగట్టే బేరం ఇది. పైగా మీ పాత డిస్కు నిజంగా పోయిందో లేదో అప్పటికింకా తేలనే లేదు.

ముందు అది తేల్చుకోండి. యూఎస్‌బీకి తగిలించిన పెన్‌డ్రైవ్, మెమరీ కార్డ్ రీడర్ అన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. విండోస్ కోసం కంప్యూటర్ ముందు ఎక్కడ వెతకాలో చెప్పే బూట్ వరసలో యూఎస్‌బీ పైన ఉంటే, ఖాళీ పెన్‌డ్రైవ్ ఒక్కటి చాలు ఈ మెసేజ్ రావడానికి. అయినా అదే వస్తే, ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి, విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర బయాస్‌లోకి వెళ్లండి. అక్కడ మీ డిస్కు పేరు, సైజు సరిగ్గా కనిపిస్తున్నాయా? కనిపిస్తే తొందరపడి డబ్బు తీయకండి, డిస్కు బాగానే ఉండే అవకాశం ఎక్కువ.

అదే తెర మీద తేదీ, టైమ్ కూడా చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. దాని నంబర్ సీఆర్2032, మూడు వోల్టులది. మల్టీమీటర్ పెడితే కొత్తది మూడుకి కాస్త పైనే చూపిస్తుంది, 2.8 కన్నా దిగితే మార్చేయండి. ఆ బ్యాటరీ చస్తే బయాస్ సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి పోతాయి, అసలు గొడవ అక్కడ మొదలవుతుంది. సాటా మోడ్, అంటే మదర్‌బోర్డు డిస్కుతో మాట్లాడే తీరు, ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో ఐడీఈకో మారిపోతే విండోస్ సగం లేచి, ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలి తెర చూపించి పడిపోతుంది. బూట్ మోడ్ కొత్త తరహా యూఈఎఫ్‌ఐ నుంచి పాత తరహా లెగసీకి మారినా విండోస్ లేవకపోవచ్చు. జీపీటీ అనే కొత్త పద్ధతిలో భాగాలు చేసి ఉన్న డిస్కు నుంచి విండోస్ లేవాలంటే యూఈఎఫ్‌ఐ ఉండాల్సిందే. ఆ రెండు సెట్టింగులూ పాత చోటికి తెచ్చి, బ్యాటరీ మారిస్తే ‘పోయిన’ డిస్కు లేచి కూర్చుంటుంది. ఒక్క జాగ్రత్త: డిస్కుకి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ పెట్టుకున్నవాళ్లు బయాస్‌లో వేలు పెట్టే ముందు 48 అంకెల రికవరీ కీ దగ్గర ఉంచుకోండి. సెట్టింగు మారగానే అది అడిగే అవకాశం ఉంది, అది లేకపోతే డిస్కు బాగున్నా డేటా దక్కదు.

బయాస్‌లో డిస్కు పేరే లేకపోతే కేబుళ్లు చూడండి. కరెంటు పూర్తిగా తీసేసి, ఏడు పిన్నుల సన్న డేటా కేబుల్ మార్చండి, మదర్‌బోర్డు మీద వేరే పోర్టులో పెట్టండి, 15 పిన్నుల పవర్ వైరు కూడా వేరేది తగిలించండి. పాత కేబుల్ కొస వదులై ఉండటం మామూలే. ఆన్ చేసేటప్పుడు డిస్కు పక్క అంచు మీద రెండు వేళ్లు ఆనించండి, లోపల పళ్లెం తిరగడం మొదలైతే సన్నటి అదురు తెలుస్తుంది. అదురు లేకపోతే పవర్ అందట్లేదు, లేదా డిస్కు బోర్డో మోటారో పోయి ఉండొచ్చు. అదురుతో పాటు టక్ టక్ అని ఒకే లయలో చప్పుడొస్తున్నా, బయాస్‌లో సైజు సున్నా అని పడుతున్నా డిస్కు పోయినట్టే లెక్క. అందులో కావలసిన ఫొటోలూ కాగితాలూ ఉంటే పదే పదే ఆన్ చేయకండి, రిపేరు అని ‘చెక్‌డిస్క్’ అసలు నడపొద్దు. చచ్చే డిస్కుని అది మరింత అరగదీస్తుంది. లోపల డేటా చదివే తలకాయ (హెడ్) బాగుండి అక్కడక్కడా సెక్టార్లే పాడైతే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపి, ‘డీడీరెస్క్యూ’తో వేరే డిస్కులోకి కాపీ దించుకోవాలి. టక్ టక్ మంటుంటే అదీ వద్దు, డేటా రికవరీ చేసేవాళ్ల పని అది.

ఇంత చేశాక కూడా డిస్కు కొనాల్సిందే అని తేలితే, అప్పుడు మోసం సంగతి.

ఇది గాలి కబురు కాదు. 2025 మొదట్లో జర్మనీలోని హైజే పత్రిక వెలికితీసిన వ్యవహారంలో, సర్వర్ల కోసం చేసే సీగేట్ ఎక్సోస్ డిస్కులు వేల గంటలు తిరిగినవి కొత్తవిగా అమ్ముడయ్యాయి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రికార్డులో గంటలు చెరిపేసి ఉన్నాయి. ఆ డిస్కులను తాము ఇలా అమ్మలేదని సీగేట్ చెప్పింది. గుట్టు బయటపడింది ఫార్మ్ అనే రెండో చిట్టా వల్ల. స్మార్ట్‌ని చెరిపిన చేతులు దాన్ని వదిలేశాయి. ఇది సీగేట్ డిస్కుల్లోనే ఉంటుంది. ఈ రికార్డులు చదివే స్మార్ట్‌మాన్‌టూల్స్ సాఫ్ట్‌వేర్ 7.4 లేదా ఆ తర్వాతిది వేసుకుని, ‘స్మార్ట్‌సీటీఎల్’ కమాండ్‌కి చిన్న ఎల్ ఆప్షన్, దాని పక్కన ‘ఫార్మ్’ అని, చివర డిస్కు పేరు ఇస్తే ఆ చిట్టా వస్తుంది. అందులో పవర్ ఆన్ గంటలు, మామూలు స్మార్ట్‌లోని తొమ్మిదో నంబర్ విలువ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాదికి 8,760 గంటలు. స్మార్ట్‌లో 2, ఫార్మ్‌లో 35,000 అని కనిపిస్తే ఆ డిస్కు నాలుగేళ్లు ఆగకుండా తిరిగినట్టు. అయితే ఫార్మ్ కూడా తక్కువే చూపించింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, దాన్నీ చెరిపి ఉండొచ్చు.

కంటితో పట్టేవి కూడా ఉన్నాయి, నిజానికి కవరు చింపకముందే సగం తెలిసిపోతుంది. అసలు కవరు అంచులు వేడితో అతికించి ఉంటాయి, మామూలు టేపు వేసి ఉంటే అనుమానించాలి. పారదర్శకంగా ఉన్న కవర్లోంచే సీరియల్ నంబర్ చదివి కంపెనీ వారంటీ పేజీలో కొట్టండి. ‘కంప్యూటర్ తయారు చేసినవాళ్లని అడగండి’ అని వచ్చినా, గడువు అయిపోయిందని వచ్చినా ఆ సీలు ముట్టుకోకుండా వెనక్కి పంపండి. తర్వాత స్క్రూ రంధ్రాలు. కొత్త డిస్కులో రంధ్రాల లోపలి గాట్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఒకసారి బిగించి విప్పిన రంధ్రంలో గీతలు పడి ఉండొచ్చు, టార్చ్ వేసి చూడండి. బంగారు రంగు పిన్నుల మీద అడ్డంగా సన్న గీతలుంటే దాన్ని ఎక్కడో పెట్టి తీశారు. స్టిక్కర్ మీది సీరియల్, సాఫ్ట్‌వేర్‌లో కనిపించే సీరియల్ ఒకటేనా అన్నది మాత్రం తప్పకుండా చూడాలి. పైన పటారం, లోన లొటారం బయటపడేది అక్కడే.

సర్వర్ల నుంచి వచ్చిన డిస్కులతో ఇంకో తలనొప్పి ఉంది. కొన్ని ఇంటి కంప్యూటర్‌లో పెడితే అసలు తిరగవు. కొన్నవాడు డెడ్ పీస్ అనుకుంటాడు, అమ్మినవాడు ‘మా దగ్గర పనిచేసింది’ అంటాడు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. కారణం పవర్ కనెక్టర్‌లోని మూడో పిన్ను. పాత పద్ధతిలో అక్కడికి 3.3 వోల్టులు వస్తాయి. ఈ డిస్కులు ఆ పిన్నుని ‘ఆగిపో’ అనే సంకేతంగా వాడుకుంటాయి. అక్కడ వోల్టేజీ ఉన్నంతసేపూ మోటారు కదలదు. డేటా కనెక్టర్ వైపు నుంచి లెక్కపెడితే పవర్ పిన్నుల్లో మూడోది అది, దాని మీద కరెంటు పారనివ్వని కాప్టాన్ టేపు సన్నగా కోసి అతికిస్తే డిస్కు తిరుగుతుంది. మోలెక్స్ అనే పాత నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్ నుంచి సాటాకి మార్చే వైరుతో కూడా పనవుతుంది, అందులో 3.3 వోల్టులే ఉండవు. కానీ ప్లాస్టిక్ ముద్దలా పోతపోసిన రకం వద్దు. లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయే పేరు వాటికుంది. ‘కొత్త డిస్కు, ఇంటి వాడకానికి’ అని అమ్మినదానికి ఈ టేపు వైద్యం కావాల్సి వస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మినవాణ్ని గట్టిగా అడగాల్సిందే. సర్వర్లలో వాడే సాస్ రకం డిస్కు కూడా చూడటానికి సాటాలాగే ఉంటుంది. రెండు కనెక్టర్ల మధ్య ఉండాల్సిన ఖాళీ అందులో పూడ్చి ఉంటుంది, ఇంటి మదర్‌బోర్డుకి తగలదు. చవకగా వచ్చిందని తెచ్చుకుంటే అలమరాలో పెట్టుకోవాల్సిందే.

అరచేతిలో పట్టే, 16 టెరాబైట్లని రాసిన చవక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీల గురించి ఒక్క మాట: లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, సైజు అబద్ధం చెప్పించే సరుకు అది. కాపీ అయినట్టే కనిపిస్తుంది, తెరిస్తే ఫైలు ఉండదు. ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’ లేదా ‘ఎఫ్3’తో నింపి, తిరిగి చదివిస్తే దొరికిపోతుంది.

డిస్కు చేతికొచ్చాక విండోస్ ఎక్కించే తొందర వద్దు. స్మార్ట్ రికార్డుని చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 5, 197, 198 నంబర్లు పాడైన సెక్టార్ల లెక్కలు, వాటి రా (అసలు) విలువలు మూడూ సున్నా ఉండాలి. ఆ సాఫ్ట్‌వేర్ రా విలువల్ని మామూలుగా హెక్సాలో చూపిస్తుంది, ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద దశాంశానికి మార్చుకుంటే చదవడం తేలిక. సీగేట్‌లో ఒకటో నంబర్ కోట్లలో కనిపిస్తే హడలిపోకండి, ఆ కంపెనీ లెక్క రాసే తీరే అంత. డేటా ప్రయాణంలో వచ్చే తప్పుల లెక్క 199 పెరుగుతుంటే డిస్కుని తిట్టకుండా డేటా కేబుల్ మార్చండి. తర్వాత మొత్తం డిస్కు ఒకసారి రాయించి, డిస్కు మొత్తాన్ని చదివి చూసే లాంగ్ టెస్ట్ పెట్టండి. సెకనుకి సగటున 150 మెగాబైట్ల లెక్కన 4 టెరాబైట్లు ఒకసారి రాయడానికే ఏడున్నర గంటలు పడుతుంది, చదవడానికి మరో అంత. రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున మళ్లీ 5, 197, 198 చూడండి. ఒక్కటి కదిలినా వాపసు పెట్టండి, ‘కొద్దిరోజులు వాడి చూడండి’ అంటే ఒప్పుకోకండి. వాళ్లకి కావాల్సింది వాపసు గడువు దాటడమే. పార్సెల్ విప్పేటప్పుడు సీలు, సీరియల్ కనిపించేలా ఆపకుండా ఒకే వీడియో తీసి ఉంచుకుంటే వాదన పొట్టిగా ముగుస్తుంది.

రీఫర్బిష్‌డ్ అని బాహాటంగా రాసి, గంటలు చెప్పి, వారంటీ ఇచ్చి అమ్మితే తప్పేమీ లేదు, బ్యాకప్ కాపీకి అలాంటిది పనికొస్తుంది. విండోస్ ఉండే డిస్కుగా మాత్రం వద్దు.

రిపేరు షాపులో మార్పించుకునేవాళ్లు పాత డిస్కు తప్పకుండా అడిగి తీసుకోండి. ‘పోయిందిగా, ఎందుకు?’ అంటారు. బయాస్ బ్యాటరీ మారిస్తే లేచే డిస్కు అయితే మీ ఫొటోలు, బ్యాంకు కాగితాలు అన్నీ అందులో చెక్కుచెదరకుండా ఉన్నట్టే. ఇచ్చే ముందే దాని సీరియల్ నంబర్ ఫోన్లో ఫొటో తీసుకుంటే, తిరిగి చేతికొచ్చేది మీదో కాదో తెలుస్తుంది.