ఐఎస్‌బీ హైదరాబాద్: చేరిన కొత్తలో కుదురుకోవడం గురించి ఒక సమీక్ష

గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ మీద వచ్చే సమీక్షల్లో ఎక్కువ భాగం ర్యాంకులతో మొదలై జీతాలతో ముగుస్తాయి. చేరబోయేవారు అంతకంటే ముందు తెలుసుకోవలసినది మరొకటి ఉందని నా అభిప్రాయం. ఉద్యోగం మానేసి, అప్పు చేసి, కొన్నేళ్ల విరామం తర్వాత మళ్లీ పుస్తకం పట్టిన మనిషి అక్కడ ఎంత త్వరగా విద్యార్థిగా నిలదొక్కుకోగలుగుతాడన్నదే ఆ విషయం. ఇందులో మాత్రం నేను ఆ సంస్థకు చాలా మంచి మార్కులు వేస్తాను.

మిగతా చాలా బిజినెస్ స్కూళ్లలో రెండేళ్లు పట్టే ఎంబీఏ తరహా చదువును ఇక్కడ ఏడాదిలో, ఎనిమిది టర్ముల్లో ముగిస్తారు. మొదటి టర్ములోనే అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, మార్కెటింగ్ కలిసి మీద పడతాయి. గ్రేడ్లు తోటివారి మార్కులతో పోల్చి ఇచ్చేవి కాబట్టి, నెమ్మదిగా అలవాటు పడదాంలే అనుకునేలోపే వెనకబడిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి తెలిసినందువల్లనే కాబోలు, కుదురుకునే భారాన్ని విద్యార్థి ఒక్కడి మీదే వదిలిపెట్టకుండా వసతిలోనూ చదువులోనూ కొన్ని ఏర్పాట్లు ముందే చేసి ఉంచారు.

వాటిలో మొదటిది క్వాడ్. 260 ఎకరాల ఆవరణలో విద్యార్థులు ఉండే స్టూడెంట్ విలేజీలు నాలుగు ఉన్నాయి. ఒక్కో క్వాడ్‌లో నలుగురికి నాలుగు విడి గదులు, మధ్యలో అందరికీ కలిపి ఒక హాలు, చిన్న వంటగది ఉంటాయి. తలుపు వేసుకుంటే ఏకాంతం, తీస్తే మనుషులు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఇరుకు గదులకు అలవాటుపడినవారికీ, ఉద్యోగం రోజుల్లో ఒంటరిగా ఫ్లాటులో ఉన్నవారికీ ఇది సరిగ్గా సరిపోతుంది. మా బ్యాచ్ ఏప్రిల్ ఎండల్లో మొదలైంది. మే నెలలో ఇంటి నుంచి కొత్తావకాయ జాడీ వచ్చి హాలులోని బల్ల మీద చేరాక, లూధియానా అమ్మాయి పరాఠాలో, గువాహటి అమ్మాయి అన్నంలో దాన్ని కలుపుకు తింటూ కబుర్లు చెప్పుకున్న రాత్రులే మమ్మల్ని ఒక ఇంటివాళ్లను చేశాయి. పరిచయ కార్యక్రమాలు ఎన్ని పెట్టినా ఆ చనువు రాదు.

రెండో ఏర్పాటు స్టడీ గ్రూపు. కోర్ టర్ముల్లో, అంటే అందరూ ఒకే సబ్జెక్టులు చదివే మొదటి టర్ముల్లో, ఎవరితో కలిసి పనిచెయ్యాలో మనం ఎంచుకోం, సంస్థే నిర్ణయిస్తుంది. వేర్వేరు రంగాలవారిని ఒకచోట కూర్చడమే దాని ఉద్దేశం. మా గ్రూపులో ఒక చార్టర్డ్ అకౌంటెంటు, ఒక డాక్టరు, నౌకాదళం నుంచి వచ్చిన ఒక అధికారి ఉన్నారు. లాభం చూపిస్తున్న కంపెనీ చేతిలో డబ్బు లేక ఎందుకు ఇబ్బంది పడుతుందో ఒక రాత్రి డాక్టరుగారికి ఎంతకీ మింగుడుపడలేదు. తణుకు దగ్గర మా మామయ్య ఎరువుల దుకాణం సంగతి చెప్పాను. నాట్ల సమయంలో యూరియా, పురుగుమందులు అరువిస్తాడు. ఖాతాలో అమ్మకం ఆ రోజే రాసుకుంటాడు, డబ్బు మాత్రం కోతలయ్యాకే వస్తుంది, ఈలోగా డీలరుకు తానే కట్టాలి. అకౌంటెంటు ఆ దుకాణాన్నే తీసుకుని, రావలసిన బాకీలు పెరిగేకొద్దీ నగదు ఎలా తగ్గుతుందో బోర్డు మీద వరసగా లెక్క వేసి చూపించాడు. తరగతిలో గబగబా సాగిపోయిన పాఠం నాక్కూడా అప్పుడే ఒంటబట్టింది. అయితే ఈ సాయానికి హద్దులున్నాయి. ఏ అసైన్‌మెంటులో ఎంతవరకు ఇతరులతో చర్చించవచ్చో ముందే చెబుతారు, దాటితే హానర్ కోడ్ (చదువులో నిజాయితీకి సంబంధించిన నియమావళి) కింద విచారణ ఉంటుంది. ఆ కచ్చితత్వం నాకు నచ్చింది.

తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. మన నేల మీదే ఉన్నా ఆవరణలో ఎక్కువగా వినిపించేది ఇంగ్లీషు, హిందీ. నాకు రోజూ తెలుగు వినిపించింది గదులు శుభ్రం చేసే ఆవిడ నోటినుంచే. "పరీక్షలొచ్చినట్టున్నాయి కదమ్మా, గదినిండా టీ కప్పులే" అని ఆవిడ అన్నప్పుడు ఇంట్లో ఉన్నట్టే అనిపించేది. ఊళ్లోకి వెళ్లాలంటే మాత్రం కాస్త శ్రమే. మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది, అక్కడి దాకా ఆటోనో క్యాబో పట్టాలి. రాత్రి పొద్దుపోయాక ఆకలేస్తే మా రోజుల్లో డీఎల్ఎఫ్ ఆఫీసుల సముదాయం దగ్గరి తిండి బళ్లు ఉండనే ఉండేవి.

ఖర్చు విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఫీజు, వసతి అన్నీ కలిపితే పదుల లక్షల్లోనే చూసుకోవలసిందే. పూచీకత్తు లేకుండా రుణమిచ్చే బ్యాంకులున్నా, అది తీర్చవలసిన అప్పే. పైగా చివర్లో చేతికొచ్చేది విశ్వవిద్యాలయ డిగ్రీ కాదు, ఈ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. కంపెనీల్లో దానికి విలువ ఉంది. డిగ్రీయే కావాలని అడిగే ఉద్యోగాల మీద కన్నున్నవారు, చదువు మెల్లగా సాగాలనుకునేవారు రెండేళ్ల కోర్సులు చూసుకోవడం మేలు.

పెళ్లైనవారు జంటగా ఉండేందుకు స్టూడియో గదులు ఉన్నాయి గాని, మొదటి టర్ముల్లో చదివే మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టేనని భాగస్వామికి ముందే చెప్పి తీసుకురావాలి. ఇక కామర్స్ చదవనివారు లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ చదవడం ఇంటి దగ్గరే నేర్చుకుని వస్తే, క్వాడ్ హాలులో కూర్చోవడానికి మొదటి నెలలోనే కాస్త తీరిక దొరుకుతుంది.