కొండ ఊరికి ఏది మేలు: బియ్యమా, డబ్బులా, మనుషులా?

కొండ మీద గెడ్డ, అంటే కొండవాగు, పొంగిందని కబురు వస్తే చాలు, శ్రీకాకుళంలో మా వీధిలో చందాల డబ్బా తిరుగుతుంది. డబ్బులు పోగవడం ఎప్పుడూ కష్టం కాలేదు. పోగయ్యాకే గొడవంతా. ఈసారి వినాయకుడి పందిట్లో కూర్చుని రాత్రి పదకొండు దాటేదాకా వాదించుకున్నాం. డ్వాక్రా సంఘం నడిపే మా వదిన బియ్యం, బట్టలు పంపుదామంది. సాఫ్ట్‌వేర్ కుర్రాడు "మూటలు మోసే రోజులా ఇవి పిన్నీ, ఫోన్‌పే కొట్టేద్దాం" అన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారేమో ముఖ్యమంత్రి సహాయ నిధికి చెక్కు రాసేస్తే రసీదు ఉంటుంది, ఎవరి చేతా మాట పడక్కర్లేదు అన్నారు.

నేను ఏ పక్షానికీ పూర్తిగా ఓటెయ్యలేదు. కారణం చెప్పాలంటే బట్టల దగ్గర మొదలుపెట్టాలి. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే కాబట్టి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. టీవీల్లో ఉద్దానం కొబ్బరి తోటలు చూపించారు, న్యాయమే. కానీ అదే వాన వెనక కొండల మీదా పడి మహేంద్రతనయ, వంశధార రెండూ పొంగాయి. మేం పదకొండు మూటల బట్టలు వ్యాన్‌లో వేసుకుని మెళియాపుట్టి దాటి ఒక సవర గిరిజనుల ఊరికి బయల్దేరాం. గెడ్డ మీద కల్వర్టు లేదు, కొట్టుకుపోయింది. అక్కణ్ణించి మూటలు నెత్తిన పెట్టుకుని నడక. ఊళ్ళో విప్పితే ఒక ఉన్ని కోటు, జరీ చీరలు, స్కూలు టైలు బయటపడ్డాయి. ఒక ముసలామె అన్నీ చూసి, "ఉప్పు తెచ్చారా బాబూ?" అంది. తేలేదు. ఆమె ఇంట్లో చోళ్ళు (రాగులు) తడవలేదు, పొయ్యి వెలుగుతోంది, ఉప్పు మాత్రం కరిగిపోయింది. అంబలి చప్పగా తాగుతున్నారు. ఆ తరవాత సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ వెళ్తే మా చీరలు పందులు రాకుండా పొలం చుట్టూ కట్టి ఉన్నాయి. మా ఆవిడ చీర అంచు గుర్తుపట్టాను. ఆవిడకి చెప్పలేదు.

అందుకని బట్టల మాట ఇక వద్దు. బియ్యం సంగతి వేరు, కానీ దానికీ గడువుంది. నాగావళి పొంగితే పైన తోటపల్లి బ్యారేజీలో నీళ్ళు వదిలారని కబురొస్తుంది, వంశధారకి గొట్టా బ్యారేజీ ఉంది. పల్లపు వీధుల్లో నీళ్ళు నిలబడతాయి, బియ్యం డబ్బా తడుస్తుంది, వండిన అన్నం పొట్లాలే కావాలి. గెడ్డకి గేట్లు లేవు, కబురూ లేదు. కొన్ని గంటల్లో వచ్చి పోతుంది. ఇల్లు మిగిలితే తిండిగింజలు ఎంతో కొంత ఉంటాయి, తోవే ఉండదు. కాబట్టి మొదటి వారం పంపాల్సింది మనిషి మోయగలిగినవే: ఉప్పు, నూనె, అగ్గిపెట్టెలు, నీళ్ళలో వేసే క్లోరిన్ బిళ్ళలు, కప్పుకి టార్పాలిన్ బరకాలు. ఇల్లు పోయినవాళ్ళకి బియ్యం. పాతిక కిలోల బస్తా అయిదుగురికి పది రోజులు వస్తుంది, ఆ పది రోజుల్లో తోవ తెరుచుకోకపోతే అది వేరే కథ.

డబ్బులు ఇవ్వడం నాకూ ఇష్టమే. ఎవరికేం కావాలో వాళ్ళే కొనుక్కుంటారు, సంతలో వ్యాపారం బతుకుతుంది, ఉన్ని కోటు మోసుకెళ్ళే అవమానం మనకి తప్పుతుంది. అయితే తిత్లీ వెళ్ళాక అక్కడ నాలుగు రోజులు కరెంటు లేదు, టవర్ లేదు, ఫోన్‌లో డబ్బు పడినా తీసే దారి లేదు. చేతికిచ్చిన నోటుతో ఉన్న ఒక్క కొట్టుకి వెళ్తే పది రూపాయల కొవ్వొత్తి ముప్పై. సంత మళ్ళీ కూడాక అదే నోటుకి పూర్తి విలువ వస్తుంది. అంటే డబ్బు మంచిదే, మొదటి వారంలో కాదు.

మాస్టారి చెక్కుకి ఒక జాగా ఉంది. 2024 జులై 30న కేరళ వయనాడ్‌లో కొండ విరిగిపడినప్పుడు మనం ఇక్కణ్ణించి ఉప్పు మోసుకెళ్ళలేం, సహాయ నిధికి పంపడమే దారి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకి ఆ మొత్తమంతా మినహాయింపు కూడా. మన కొండ బస్సెక్కితే చేరేంత దూరంలో ఉన్నప్పుడు చెక్కు రాసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. మాస్టారికి ఈ మాట కోపం తెప్పించింది, తెలుసు.

ఇక పందిట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: మనుషుల్ని పంపడం. పారలు పట్టడానికి కాదు, ఆ పని వాళ్ళకి మనకంటే బాగా వచ్చు. మనం పారతో దిగితే ఇంకో ముగ్గురు మన కాళ్ళకి కట్టు కట్టాలి. కావాల్సింది నష్టం రాసిపెట్టేవాళ్ళు.

విపత్తు సాయానికి 2022–26కి కేంద్రం లెక్కలు పెట్టింది. వాటి ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి, మట్టి ఇల్లయినా సరే, కొండ ప్రాంతంలో 1,30,000 రూపాయలు. అదే "గుడిసె" అని రాస్తే 8,000. ఒక్క మాట తేడా. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన గెడ్డ ఇవతలే నిలబడి, సాయంత్రం లోపల ముగించుకోవాలన్న తొందరలో ఏ మాట రాస్తాడో చెప్పలేం. మేక పోతే 4,000, పాలిచ్చే ఆవు పోతే 37,500. కానీ గెడ్డలో కొట్టుకుపోయిన మేకకి కళేబరం ఉండదు, ఎవరైనా సాక్ష్యం రాసిపెట్టాలి.

అన్నిటికంటే చిక్కు ఇసక మేటలది. అవే లెక్కల్లో, పొలంలో మేట 3 అంగుళాలు దాటితే తీయించుకోవడానికి చిన్న, సన్నకారు రైతుకి హెక్టారుకి 18,000. కొలిచి ధ్రువీకరించాలి. మనం ఉత్సాహం కొద్దీ కూలి ఇచ్చి రెండు రోజుల్లో మేటలు తీయించామనుకోండి, కొలవడానికి అక్కడ ఏముంటుంది? మన సాయమే వాళ్ళ సాయానికి అడ్డం. కాబట్టి ముందు పక్కన కర్ర నిలబెట్టి ఫొటో, తారీకు, రైతు పేరు, పట్టా నంబరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన పోడు భూమికి చూపించడానికి కాగితం ఉంది. పట్టా రాని పోడుకి అదీ లేదు. కూలి డబ్బులు అలాంటి పొలాల్లో ముందు ఖర్చుపెట్టడం న్యాయం, ఎటూ ప్రభుత్వం నుంచి వచ్చేది తక్కువ.

డబ్బాలో 64,000 ఉన్నాయి. 14,000 ఉప్పుకీ నూనెకీ బరకాలకీ. మిగతాది వాళ్ళ తోవ వాళ్ళే బాగుచేసుకునే కూలికి, రోజుకూలి ఊరి ఆడవాళ్ళ చేతికే ఇచ్చేలా. వదిన ఆ షరతు పెట్టాకే బట్టల మాట వదిలింది. సాఫ్ట్‌వేర్ కుర్రాడు రెండు పవర్‌బ్యాంకులతో ఫొటోలు తీస్తాడు. చెక్కు పుస్తకం లోపల పెట్టేసిన మాస్టారు రాతపనికి తానే వస్తానన్నారు. అరవై ఆరేళ్ళ మనిషి, ఆ నడక తట్టుకోగలరా అని నాకు టెన్షన్. ఆయన మాత్రం పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేసి గెడ్డలో జలగలుంటాయా అని అడిగారు.