వైజాగ్ ఎండలో, ఉప్పుగాలిలో నాలుగేళ్లు: నా ఇన్‌స్టాక్స్ మినీ 11

నొక్కగానే ఫొటో కాగితం మీద బయటికొచ్చే ఈ కెమెరాని 2021లో మా చెల్లి పుట్టినరోజుకని కొన్నాను, నెల తిరక్కుండానే నా చేతికొచ్చేసింది. అప్పటినుంచి నలభై ప్యాకుల దాకా ఫిల్మ్ వాడాను, కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ముందు డబ్బు సంగతి. పది ఫొటోల ప్యాక్ నాకు ఐదారొందలు పడుతోంది, అంటే బటన్ నొక్కిన ప్రతిసారీ యాభై అరవై రూపాయలు. ఆ లెక్క బుర్రలో తిరుగుతుంటే ఫొటో తీసే పద్ధతే మారిపోతుంది. కైలాసగిరి ఎక్కితే ఫోన్‌తో నూట యాభై తీసి ఒక్కటీ మళ్లీ చూడని నేను, దీంతో పొద్దంతా తిరిగి రెండే రెండు తీసుకొచ్చిన రోజులున్నాయి. ఆ రెండూ ఇప్పటికీ బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉన్నాయి.

దీన్ని అమ్మేయకుండా ఉంచుకోవడానికి కారణం మాత్రం పెద్ద జాలరిపేట. ఆదివారం చేపలకి వెళ్లినప్పుడు, మేం ఎప్పుడూ కొనే ఆవిడ వంజరం కోస్తూ నా మెడలో కెమెరా చూసి "నాకూ ఒకటి తియ్యి బాబూ" అంది. తీసి చేతిలో పెట్టాను. "ఏటి బాబూ, తెల్ల కాయితం ఇచ్చినావు?" అని అటూ ఇటూ తిప్పింది. ఊపకమ్మా, కాసేపు నీడలో పట్టుకో అన్నాను. పొలుసులు అంటుకున్న వేళ్లతో అంచు మాత్రమే పట్టుకుని కొంగు అడ్డం పెట్టింది. ముందు జుట్టు నల్లగా తేలింది, తర్వాత కళ్లు, చీర నీలం, ఆఖరికి ముక్కుపుడక మెరుపు. మొత్తం నిమిషంన్నర. బేరానికొచ్చిన నలుగురూ చేపలు వదిలేసి అదే చూశారు. రెండు వారాల తర్వాత వెళితే ఆ ఫొటో ఆవిడ ఫోన్ వెనక, పారదర్శకంగా ఉండే కవర్ లోపల ఉంది. మినీ ఫిల్మ్ దాదాపు ఏటీఎం కార్డు సైజే, 86 బై 54 మిల్లీమీటర్లు, అందుకే అలా సరిపోతుంది. నెగెటివ్ ఉండదు, రెండో కాపీ ఉండదు. ఆ ఫొటో ఆవిడ దగ్గరే ఉంది, నా దగ్గర లేదు. నాకు ఈ కెమెరాలో నచ్చేదే అది.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్లకి ఒక మాట. ఎడ్విన్ లాండ్ తయారుచేసిన, ఇలాగే అప్పటికప్పుడు ఫొటో ఇచ్చే మొదటి పోలరాయిడ్ కెమెరా 1948లోనే అమ్మకానికొచ్చింది. డిజిటల్ దెబ్బకి 2008లో పోలరాయిడ్ ఫిల్మ్ తయారీ ఆపేస్తే, నెదర్లాండ్స్‌లో ఎన్‌స్కెడేలోని చివరి ఫ్యాక్టరీని కొందరు పట్టుబట్టి నిలబెట్టారు. ఫ్యూజీ వాళ్ల ఇన్‌స్టాక్స్ 1998 నుంచీ ఉంది. ఇప్పుడు మన దగ్గర ఓణీల ఫంక్షన్‌కి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా, ఒక పుస్తకం పెట్టి వచ్చినవాళ్ల ఫొటో అంటించి పక్కన రాయించుకుంటున్నారు. మా పిన్ని కూతురి పెళ్లిలో నేనే ఆరు ప్యాకులు తీశాను. వీడియో ఆల్బమ్ కంటే ఆ పుస్తకాన్నే ఎక్కువసార్లు తెరుస్తున్నారట.

ఇక ఇబ్బందులు. మిట్టమధ్యాహ్నం బీచ్‌లో దీన్ని బయటికి తియ్యొద్దు. ఫిల్మ్ వేగం ఐఎస్ఓ 800 (అంటే కొద్దిపాటి వెలుతురునే గబుక్కున పట్టేస్తుంది), లెన్స్ రంధ్రం మార్చడానికి ఉండదు, షటర్ సెకనులో 250వ వంతు కంటే వేగంగా పడదు, కాబట్టి ఆర్కే బీచ్‌లో పన్నెండింటికి తీస్తే ఆకాశం, ఇసుక, వెనకున్న కురుసుర సబ్‌మెరైన్ అన్నీ పాలిపోతాయి. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఐదు తర్వాత, మబ్బు పట్టినప్పుడు మాత్రం రంగులు చాలా బాగుంటాయి. ఫ్లాష్ ఆపే వీలు లేదు, అది కూడా రెండున్నర మీటర్లు దాటితే పనిచేయదు, రాత్రి వెనకున్న సముద్రం ఎటూ చీకటే. దగ్గరగా తీసేటప్పుడు మనం చూసే కిటికీ ఒకచోట, లెన్స్ ఇంకోచోట ఉండటంతో మొహం పక్కకి జరిగిపోతుంది. మొదటి రెండు ప్యాకుల్లో నాకు సగం తలలే వచ్చాయి.

ఫిల్మ్ కొనేటప్పుడు డబ్బా మీద గడువు తేదీ చూడండి. ఒక షాపులో ఎండ తగిలే అద్దాల అలమరాలో పెట్టిన ప్యాక్ కొన్నాను, పదికి పదీ వెలిసిపోయి వచ్చాయి. పండగ రోజు, అమ్మా నాన్నా పక్కపక్కన నిలబడిన ఫొటో అందులోనే పోయింది. ఆ బాధ ఇంకా ఉంది. అప్పటినుంచి ప్యాకులు ఫ్రిజ్‌లో (ఫ్రీజర్‌లో కాదు) పెట్టి, వాడే ముందు కవర్ చింపకుండా కొన్ని గంటలు బయట ఉంచుతున్నాను, లేకపోతే మన ఊరి తేమకి లోపల చెమ్మ పడుతుంది. ప్యాక్ అయిపోయేదాకా వెనక తలుపు తెరవకండి. ఇంట్లో పిల్లలుంటే ముందే చెప్పి ఉంచండి.

పోలరాయిడా, ఇన్‌స్టాక్సా అని చాలామంది అడుగుతున్నారు. పోలరాయిడ్ ఫొటో పెద్దది, రంగుల్లో ఒక మెత్తదనం ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ ప్యాక్‌కి ఎనిమిదే వస్తాయి, రంగు తేలడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, పైగా ఆ ఫిల్మ్‌కి 13 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మా ఫ్రెండ్ తెచ్చి రుషికొండలో తీస్తే అందరి మొహాలూ పసుపు రాసుకున్నట్టు వచ్చాయి. ఇన్‌స్టాక్స్ 40 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. వైజాగ్‌లో ఉండేవాళ్లకి నేను ఇదే చెప్తాను.

ఇప్పుడు కొంటే 2023లో వచ్చిన మినీ 12 తీసుకోండి, ఫిల్మ్ రెండింటికీ ఒకటే. కెమెరాతో పాటు కనీసం మూడు ప్యాకులకి డబ్బు పక్కన పెట్టుకోండి, మొదటిది నేర్చుకోవడానికే అయిపోతుంది.