బొటాబొటి సర్కారా, తిరుగులేని సర్కారా: యుద్ధం వేళ ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు పాలిటీ చెబుతాను. సరిహద్దులో తుపాకి పేలిన ప్రతిసారీ వాళ్లడిగేది ఒకటే. "సార్, సొంతింట్లో పరువు పోయిన నాయకుడే కదా పొరుగువాడితో కయ్యానికి దిగేది? అయితే పూర్తి మెజారిటీ ఉన్నవాడే మేలు కదా?" మొన్న ఇది అడిగిన అమ్మాయి వాళ్లన్న కశ్మీర్‌లో డ్యూటీలో ఉన్నాడు. రెండు ముక్కల్లో తేల్చేయబుద్ధి కాలేదు.

ఆ అనుమానానికి బలమైన సాక్ష్యం అర్జెంటీనా. 1982లో అక్కడ సైనిక పాలకుడు గాల్టియేరి. ధరలు ఏడాది తిరిగేసరికి రెట్టింపు అవుతున్నాయి. మార్చి 30న కార్మికులు బ్యూనస్ ఎయిర్స్ వీధుల్లోకి వస్తే పోలీసులు విరుచుకుపడ్డారు. ఏప్రిల్ 2న సైన్యం బ్రిటన్ చేతిలో ఉన్న ఫాక్‌లాండ్ దీవుల్లో దిగింది. పథకం ముందునుంచే ఉన్నా, ఆ ఊరట పాలకులకు అప్పుడే కావాల్సివచ్చింది. నిన్నటిదాకా తిట్టిన నగరమే జేజేలు కొట్టింది. 74 రోజులకు బ్రిటన్‌కు లొంగుబాటు. రెండు వైపులా కలిపి 900 మందికి పైగా పోయారు. వారం తిరక్కుండా గాల్టియేరి పదవీ పోయింది.

మన దగ్గర మాత్రం కథ ఇలా నడవలేదు. పీవీది మొదట మైనారిటీ ప్రభుత్వం. 1993 జులై 28న అవిశ్వాసం నుంచి 14 ఓట్ల తేడాతో గట్టెక్కారు. (ఆ ఓట్లు కొన్నారంటూ నడిచిన కేసు వేరే సంగతి.) ఆరు వారాలు నిండకముందే, సెప్టెంబరు 7న, చైనాతో వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి ఒప్పందం కుదిరింది. చైనాను బూచిగా చూపి జనం దృష్టి మళ్లించడం తేలికే. ఆయన అటు పోలేదు.

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ఒక్క ఓటుతో ఓడారు. స్పీకర్ కుర్చీలో మన బాలయోగి. కార్గిల్ చొరబాటు బయటపడేసరికి ఉన్నది ఆపద్ధర్మ ప్రభుత్వం, ముందున్నది ఎన్నికలు. అయినా నియంత్రణ రేఖ దాటొద్దని విమానదళానికి సైతం హద్దు గీశారు. ఆ హద్దు వల్ల మనవాళ్ల ప్రాణాలు ఎక్కువ పోయాయన్న బాధ ఉంది. 527 మంది. ఆ బాధను కాదనలేను. కానీ రెండు అణుదేశాల పోరు ఆ కొండల దగ్గరే ఆగింది.

తిరుగులేని సర్కారుకూ మంచి రోజులున్నాయి. 1971 మార్చిలో 352 సీట్లు గెలిచిన ఇందిర, పాకిస్తాన్‌తో వెంటనే యుద్ధానికి దిగమని ఎందరు ఒత్తిడి చేసినా డిసెంబరు దాకా ఆగగలిగారు. అంత ఓపిక పట్టడానికి బలం కావాలి. అదే బలం 1987లో రాజీవ్‌ను శ్రీలంకకు నడిపించింది. 400కు పైగా సీట్లున్న ఆయన సైన్యాన్ని పంపితే అడ్డుపడే శక్తి సభలో లేదు. దాదాపు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. ఉపసంహరణ రాజీవ్ హయాంలోనే మొదలైనా, చివరి దళం తిరిగొచ్చింది 1990 మార్చిలో, బయటి మద్దతు మీద నిలబడ్డ వి.పి.సింగ్ కాలంలో.

అమెరికా అధ్యక్షుల సంగతి ఇందులో పెద్దగా కలవదు. 1998 ఆగస్టులో క్లింటన్ క్షిపణి దాడులు సొంత కుంభకోణం కప్పిపుచ్చుకోవడానికేనన్నారు; రుజువు కాలేదు.

సీట్ల లెక్కకంటే ముందు నేను చూసేది ఒకటుంది. పదవి పోతే ఆ మనిషి గతేమిటి? వాజ్‌పేయి ఓడితే ప్రతిపక్ష బెంచీలో కూర్చుంటారు, మళ్లీ ఓటడుగుతారు. గాల్టియేరికి అలాంటి బెంచీ లేదు. తర్వాత నిజంగానే జైలు పాలయ్యాడు కూడా. గెలిస్తే గండం గడుస్తుంది, ఓడినా ఇంతకంటే పోయేదేముంది అనుకున్నవాడే పరాయి పిల్లల ప్రాణాలతో జూదమాడతాడు.

అందుకే ఎన్నికలూ సభా సరిగ్గా నడిచే చోట నేను బొటాబొటి సర్కారునే కోరుకుంటాను. సైన్యాన్ని కదపాలంటే పదిమందిని ఒప్పించాలి. 2013లో సిరియా మీద దాడికి బ్రిటన్ ప్రధాని కామెరాన్ సభను అడిగి 13 ఓట్లతో ఓడారు. బ్రిటన్ ఆ దాడికి దిగలేదు.

సభ కంటే బ్యారక్స్ మాట చెల్లే చోట నా లెక్క పనిచేయదు. పాకిస్తాన్‌లో నవాజ్ షరీఫ్ 1997లో భారీ మెజారిటీతో వచ్చారు. కార్గిల్ ముగిసిన మూడు నెలల్లోపే, అక్టోబరు 12న, సైన్యం ఆయన్ను దించి జైల్లో పెట్టింది. అంతకు 20 ఏళ్ల ముందు, సైన్యమే దించిన మాజీ ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టోను ఉరితీశారు. ఆ అమ్మాయికి రేపు క్లాసులో ముందుగా చూపించబోయేది ఈ రెండు పేర్లనే.