ఎస్టోనియా దారా, జర్మనీ దారా?
హెల్త్ టెక్‌లో సర్కారు డబ్బు ఎలా పెట్టాలంటే నేనైతే ఎస్టోనియా వైపే. జనాభా 13 లక్షల పైచిలుకే కానీ 2008లోనే దేశమంతటికీ ఒకటే ఆన్‌లైన్ హెల్త్ రికార్డు వ్యవస్థ పెట్టేశారు, 2010లో ఈ-ప్రిస్క్రిప్షన్ తెచ్చారు, ఐడీ కార్డు చూపిస్తే చాలు మందుల షాపులో స్క్రీన్ మీద చూసి మందులిచ్చేస్తారు, పైగా మన రికార్డు ఎవరెవరు తెరిచి చూశారో మనమే లాగిన్ అయి చూసుకోవచ్చు, జనానికి నమ్మకం కుదిరేది అక్కడే కదా.

జర్మనీకి డబ్బు కొదవ కాదు, 2020లో ఆసుపత్రుల డిజిటల్ పనులకే కేంద్రం 300 కోట్ల యూరోలు, రాష్ట్రాల వాటాతో కలిపి 430 కోట్ల దాకా కేటాయించారు. అయినా డాక్టర్లు మందులు రాసిచ్చే గులాబీ రంగు కాగితం చీటీ పోయి ఈ-ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి అయ్యేసరికి 2024 వచ్చేసింది. రికార్డు కూడా 2021లో మొదలెట్టి అడిగినవాళ్ళకే ఇచ్చారు, అడిగినవాళ్ళు చాలా తక్కువ, చివరికి 2025లో వద్దన్నవాళ్ళకి తప్ప అందరికీ తెరిచారు. పేషెంట్లకి అన్నేళ్ళు వృథా, నాకు నిజంగా బాధేస్తుంది.

ఒక్కదాంట్లో మాత్రం జర్మనీనే మెచ్చుకోవాలి, 2019 చట్టంతో డాక్టరు మందు రాసినట్టే హెల్త్ యాప్ కూడా రాస్తారు, ఖర్చు ఇన్సూరెన్స్ వాళ్ళే కడతారు.